గట్టిగా పట్టుకోకు!

వేసవి సెలవుల్లో చార్‌ధామ్ యాత్రకని బయల్దేరిన కుటుంబం రిషికేశ్‌లో ఆగింది. నానమ్మ గంగలో మూడు మునకలు వేసింది. పద్నాలుగేళ్ల మనవరాలు మాత్రం నదిలో వెళ్లే రబ్బరు పడవల్నే చూస్తూ కూర్చుంది. ‘నాన్నా, నేనూ ఎక్కుతా!’

నాన్నకి ఈత రాదు. అయినా కూతుర్ని ఒంటరిగా పంపలేక తనూ ఎక్కాడు. శివపురి నుంచి రిషికేశ్ దాకా దాదాపు 16 కిలోమీటర్లు. లైఫ్ జాకెట్లు బిగిస్తూ గైడ్ చెప్పాడు... ‘నీళ్లలో పడితే వెల్లకిలా తేలండి. కాళ్లు నది పారేవైపు చాపండి. రాళ్లు తలకి తగలవు.’ ఆ మాటతో నాన్న గొంతు ఎండిపోయింది.

‘రోలర్‌కోస్టర్’ అని పిలిచే చోట గంగ ఒక్కసారిగా ఉరకలెత్తింది. ‘గట్టిగా పట్టుకోమ్మా!’ అరిచాడు నాన్న. ‘ఆపొద్దు, తెడ్డు వెయ్యండి!’ అంతకన్నా గట్టిగా అరిచాడు గైడ్. తెడ్లు ఆగితే పడవ అలకి అడ్డం తిరుగుతుంది మరి! ఆ అమ్మాయి ఒక్క క్షణం తండ్రి వైపు చూసింది. తాడు వదిలి తెడ్డు వేసింది. చల్లటి నీళ్లు మొహాన కొట్టాయి. పడవ పైకి లేచి, కిందికి దూకి, నిలదొక్కుకుంది.

నాన్న కళ్లు తెరిచేసరికి ఆయన రెండు చేతుల్లోనూ తాడే ఉంది. తెడ్డు ఎప్పుడో కొట్టుకుపోయింది. కూతురు పకపకా నవ్వింది.

ఒడ్డున నానమ్మ, ‘భయమెయ్యలేదుటే?’ అంది.

‘వేసింది. తెడ్డు వేస్తూ మర్చిపోయా.’

మర్నాడు కొండదారిలో కూతురు ముందు నడుస్తుంటే ‘జాగ్రత్త’ అన్నాడు నాన్న. చెయ్యి మాత్రం పట్టుకోలేదు.