పరిగె విడిచిన చేను

జమ్మలమడుగు పక్కన మా పల్లెలో రాత్రి సంగటి తిన్నాక, పడుకోబోయే ముందు బైబిలు తెరిచేవాళ్లం. జేజికి, అంటే నాయన తల్లికి, చదువు రాదు కాబట్టి చదివే పని పిల్లలది. లాంతరు దగ్గరికి జరుపుకొని, నాపబండల మీద బాసింపట్లు వేసుకొని ఆ రోజు భాగం ఒకరం చదవాలి. అయిపోగానే జేజి ఒకే మాట అడిగేది: "సదివినావు సరే నాయనా, రేపు దీంతో ఏం జేస్తావు?" అర్థమైందా అని ఎప్పుడూ అడగలేదు. అర్థమైందో లేదో రేపు చేసే పనిలోనే తెలుస్తుందని ఆమె నమ్మకం. నా వరకు భక్తి అన్న మాటకు ఇంతకంటే మంచి పరీక్ష తర్వాత ఎక్కడా దొరకలేదు.

కీర్తనలు ఇరవై దాకా ఆమెకు నోటికొచ్చు. కొండలవైపు కన్నులెత్తే 121వ కీర్తన చెప్పేటప్పుడు ఆమె చూపు గండికోట దిక్కున ఎర్రమల మీదికి పోయేది. బైబిల్లో దేశం మాకు పరాయిదిగా తోచకపోవడానికి కారణం ఇదే. అక్కడా గొర్రెలే, కరువులే, బావుల కాడ తగువులే. ఇస్సాకు బావి తవ్వితే పక్కవాళ్లు మాదంటారు, ఆయన వదిలేసి ఇంకోచోట తవ్వుతాడు. ఆ కథ మా వాళ్లకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఏలీయా కాలంలో సముద్రం మీద లేచిన అరచెయ్యంత మబ్బు గురించి చదివిన రాత్రి, ఆషాఢం అయిపోతున్నా చినుకు లేని సంవత్సరం అది, పెద్దవాళ్లు బయటికి పోయి నిజంగానే ఆకాశం చూసి వచ్చినారు.

కడపలో లండను మిషను పని 1822లో మొదలైంది. తెలుగులో బైబిలు మొత్తం 1854లో వచ్చింది. కానీ మా పేటల్లోకి ఆ పుస్తకం బాగా దిగింది ధాత కరువు తర్వాతనే. 1876 నుంచి 1878 దాకా సీమను ఊడ్చేసిన కరువది. గంజి కోసం మతం మారినారని మమ్మల్ని అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఐదు రొట్టెలు పంచిన సాయంత్రం యేసుప్రభువు ఎవరి విశ్వాసాన్నీ తూచి చూడలేదు, ఆకలిగా ఉన్నవాళ్లను పచ్చిక మీద కూర్చోబెట్టినాడు. ఆకలితో వచ్చిన మా ముత్తాతలను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. జమ్మలమడుగులో మిషనువాళ్లు కట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిలోనే మా నాయన పుట్టినాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు జేజి గొంతులో కృతజ్ఞత ఉండేది గానీ చిన్నతనం ఉండేది కాదు.

యోహాను నాలుగో అధ్యాయం చదివే రాత్రి మాత్రం ఇల్లు వేరేగా ఉండేది. ఎండాకాలం మా పేట బావి ఎండితే ఆడవాళ్లు చేలల్లో బావులకు పోయేవాళ్లు. అంటరానివాళ్లమని మావాళ్లు గట్టు తొక్కకూడదు. ఎవరైనా దయతలచి పైనుంచి పోస్తే కడవ నిండేది, లేకుంటే పొద్దెక్కేదాకా నిలబడాలి. అలాంటి చోట, యూదుడైన యేసుప్రభువు సమరయ స్త్రీని నీళ్లడిగినాడని వింటే మా అత్తలు కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. అంటరానిదానివి అనకుండా ఆమె చేతి నీళ్లడగడమే వాళ్లకు సువార్త. తర్వాత పెద్ద పెద్ద ప్రసంగాలు విన్నాను. ఆ వచనానికి మా అత్తల కన్నీళ్లంత వివరణ ఏదీ ఇవ్వలేదు.

గుత్తకు చేసుకునే రెండెకరాల రేగడిలో జొన్న వేసేవాళ్లం. కోతలప్పుడు జేజి చేను మూలలు కోయనిచ్చేది కాదు. రాలిన కంకులు మళ్లీ ఏరనిచ్చేది కాదు. లేవీయకాండంలో ఉంది, రూతు బతికింది ఆ పరిగెతోనే. నాయన ఒక ఏడు తట్టుకోలేక అడిగినాడు.

"గుత్త గింజలే ఎల్లేటట్టు లేవమ్మా. మూలలు ఇడిసిపెడితే ఎట్లా?"

"మన అవ్వలు పరిగె ఏరుకొని మనల్ని సాకినారు రా. ఏరుకునే చేతులు ఎట్లుంటాయో నాకు తెలుసు."

నాయన కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. ఆ ఏడు కూడా మూలలు మిగిలినాయి.

అమ్మ పుట్టిల్లు నంద్యాల. అక్కడి అవ్వ భక్తి ఇంకో తీరు. వాళ్లది ఆంగ్లికన్ సంఘం. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడితే మా కడప వైపువాళ్లు అందులో కలిసినారు. నంద్యాలవాళ్లు బయటే ఉండి 1975లో చేరినారు. అవ్వ ప్రార్థన పుస్తకం తెరిచి, అచ్చయిన మాటలే నెమ్మదిగా చెప్పుకునేది. జేజి మాత్రం దేవునితో ఎద్దు జబ్బు గురించి, కోడలి కాన్పు గురించి తన మాటల్లోనే మాట్లాడేది. రెండూ నాకు కావాలనిపించేవి. దుఃఖంలో సొంత మాట రానప్పుడు అవ్వ పుస్తకమే పనికొచ్చింది. అవ్వ వంటింట్లో పొయ్యి పక్కన ఒక డబ్బా ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ప్రతిపూటా ఒక పిడికెడు అందులోకి తీసేది. డబ్బా నిండితే గుడికి పోయేది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేదేమో గానీ, తీయడం మానలేదు.

నాయన ముసలితనంలో పొద్దున్నే 'ఎడారిలో సెలయేర్లు' చదివేవాడు. చార్లెస్ కౌమన్ గారి భార్య, భర్త జబ్బుగా ఉన్న రోజుల్లో తనను నిలబెట్టిన మాటలను కూర్చి 1925లో తెచ్చిన పుస్తకం. వానలేని సీమలో ఆ పేరున్న పుస్తకం ఇన్ని ఇండ్లల్లో నలిగిపోయి కనబడడం నాకు సహజంగానే తోస్తుంది.

ఇప్పుడు పొద్దున లేస్తే ఫోను నిండా పూలబొమ్మల మీద వాగ్దానాలు వస్తాయి. ఆశీర్వాదం, అభివృద్ధి, శత్రువుల మీద జయం. పని చెప్పే వచనం ఒక్కటీ రాదు. నాకిది బాధ. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి గుడిలో వాగ్దానం కార్డులు పంచే అలవాటు జేజి ఉన్నప్పుడే మొదలైంది. ఒక ఏడు జేజి తన కార్డు నా చేతికిచ్చి చదివించుకుంది. దీవెన గురించి ఉంది. "ఇది ఆయన జేసే పని. మనం జేసేది యాడుంది?" అనింది. ఇంటికి వచ్చినాక యెషయా 58 తీసి చదవమంది. ఆకలిగా ఉన్నవానికి నీ ఆహారం పెట్టమనే అధ్యాయం అది. తెల్లారి కొత్త సంవత్సరం. జేజి గుమ్మిలోంచి రెండు సేర్ల జొన్నలు తీసి చేటలో పోసుకొని, గట్టు తగువుతో ఏండ్లుగా మాటల్లేని ఇంటికి పోయింది. ఆ ఇంటాయన పోయి నెల కాలేదు. మధ్యాహ్నం దాకా జేజి తిరిగి రాలేదు. వచ్చేటప్పుడు చేటలో వాళ్ల పెరటి చిక్కుడుకాయలున్నాయి.