చిన్నోని తూకం

ఏమే సోపతీ,

అంతోనివారి పండుగ అయిపోయింది. "మళ్ల పిల్లలను కూసోబెట్టి ప్రసంగం ఇచ్చినవా?" అని నువ్వు అడగకముందే చెప్తున్న. మొదలువెట్టిన మాట నిజమే. పునీత అంతోనివారు 1195ల లిస్బన్‌ల పుట్టిండు, తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫెర్నాండో అన్ననో లేదో, "మరి పదువాపురి అంతోని అంటరేంది?" అని పెద్దది అడ్డం తగిలింది. చిన్నోడు బన్నుల వాసన వట్టుకొని వంటింట్లకు ఉరికిండు. నా మాటలకు హాస్టల్ల నువ్వే నిద్రవోతుంటివి, ఆరేండ్లోడు కూసుంటడా?

అందుకే ఆయన పేరు మీద పేదలకు పంచే రొట్టెల కథ ఎత్తుకున్న. పదువాల ఒక పసిపిలగాడు నీళ్లల్ల పడి పాణమిడిస్తే, తల్లి అంతోనివారికి మొక్కుకున్నదట: నా బిడ్డ లేస్తే వాడెంత తూగుతడో అన్ని గింజలు పేదలకు పెడుత అని. పిలగాడు లేసిండు, ఆమె తూచి పెట్టింది. ఇది వినంగనే పెద్దది, "మేడారంల బెల్లం తూగినట్టా?" అన్నది. ఏమనాలె చెప్పు? సమ్మక్క జాతరకు మన వాడంత కదులుతది, నిలువెత్తు బంగారం అది చూడందా? అవును బిడ్డా, అసొంటిదే అన్న. ఫాదర్‌గారికి చెప్తవేమో, చెప్పుకో.

ఇగ చిన్నోణ్ని తూచుడే. బియ్యం దుకాణంల కాంట మీద నిలవెట్టినం. వాడు జేబుల నిండ గోలీలు నింపుకొచ్చిండు, బరువెక్కువ రావాలెనని. అక్కేమో గోలీలు తీయించి, చెప్పులు గూడ ఇడిపించింది, ఎవరి సొమ్మో పోతున్నట్టు! పదహారు కిలోలు. "ఎంతకిస్తవమ్మా?" అని దుకాణపాయన ఒకటే నవ్వుడు.

"ఇది దేవునితోని బేరం గాదానే?" అంటవు, నాకెరికే. మనకేం పోలేదు, ఏం అడగలేదు, బేరమెక్కడిది? అని గట్టిగనే అందామనుకున్న. కని పెద్దది బడి తెరిచిన వారంలనే కంపాసు డబ్బా పోగొట్టుకున్నది. అంతోనివారి కీర్తనల పుస్తకాన్ని ఎత్తుకపోయినోడు ఆయన ప్రార్థన చేస్తే మళ్ల తెచ్చిచ్చిండని నేనే చెప్పి ఉంటి. ఇగ రోజు పొద్దుగూకంగ దానికి అదే ప్రార్థన. అందుకే అంటరు, ప్రసంగం ఇయ్యొద్దని.

బియ్యం, బన్నులు పట్టుకొని బస్టాండు కాడికి పోయినం. ఒక ముసలమ్మ బియ్యం సంచి పక్కకు వెట్టి, "సన్నబియ్యం కంట్రోల్ల గూడ ఇస్తున్నరు గని, ఇంకో బన్నియ్యి బిడ్డా, మెత్తగున్నది" అన్నది. చిన్నోడు చేతిలున్న తన బన్ను దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు. సగం కొరికిందే ఇచ్చిండు. ఆమె తీసుకున్నది గూడ!

ఆదివారం ఖాజీపేట ఫాతిమా నగర్ గుడికి పోయి పూజ చూసుకొని వచ్చినం.

అన్నట్టు, దుబాయ్‌ల పాస్‌పోర్టు పోయిందని ఏడ్చి అంతోనివారికి నువ్వు గూడ మొక్కితివి గదా, దొరికింది గూడ గదా? పిల్లలు మరువలే. నీ తూకమెంతో నిజంగ రాయి. బియ్యం ధర చూసి పైసలెన్ని పంపాలెనో పెద్దది లెక్కగట్టి చెప్తదట. గోలీలు, చెప్పులు తీసేసి తూగాలెనని చిన్నోడు మరీ మరీ చెప్పమన్నడు.

నీ సోపతి