ఇరుగుపొరుగు గోడల నడుమ

ఇల్లు కట్టబూనినవారు ముహూర్తమును విచారింతురు, వాస్తువును విచారింతురు. పొరుగింటి కిటికీ ఎచ్చట నున్నదో విచారించువారు అరుదు. జానెడు నేలయైనను విడువక హద్దురాతి వఱకు గోడ లేపుట యజమాని నేర్పుగా ఎంచబడుచున్నది. ఆ నేర్పునకు వెల చెల్లించువారు ఎవరు?

మా వంటయింటి కిటికీ తూర్పువైపున నున్నది. పొరుగువారు తమ పాత పెంకుటిల్లు పడగొట్టి, మా గోడ నానుకొని మూడంతస్తుల మేడ కట్టిరి. నాటినుండి మిట్టమధ్యాహ్నమునను దీపము లేనిదే బియ్యమేరుటకు వీలులేదు. రెండు గోడల సందున దిగిన వాననీరు ఆఱక మా గోడ చెమర్చుచున్నది. బాగుచేయింత మన్న ఆ సందున మనిషి చొరరాదు. మేము పనులకు పోయి వీధిగాలి పీల్తుము. దినమెల్ల ఆ చీకటిలో, తిరుగమోత ఘాటులో నిలుచునది మా తల్లిగారు.

చట్టము ఈ విషయమున మౌనము వహింపలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము, 20 ఏండ్లు నిరాటంకముగా వెలుతురు ననుభవించిన యింటికి దానిపై హక్కు కలుగును. కాని వ్యాజ్యము తేలునాటికి గోడ లేచియే యుండును. కావున కట్టుటకు పూర్వమే ఖాళీ విడిపించుట మేలు. 1896లో ప్లేగు బారిన పడిన బొంబాయిలో 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడెను. అది పాటించిన 63½ డిగ్రీల సూత్రము సారాంశ మిది: ఎదుటిగోడ ఎంత ఎత్తో, అందులో సగమైనను కిటికీ ముందు ఖాళీ యుండవలెను. 2012 నాటి ఆంధ్రప్రదేశ్ భవననిర్మాణ నిబంధనలును స్థలవైశాల్యమును, భవనపు ఎత్తును బట్టియే ఖాళీని నిర్ణయించినవి.

అయినను 2015లో రెండు తెలుగు రాష్ట్రములును, నిబంధన మీరిన కట్టడములను రుసుము గైకొని క్రమబద్ధము చేయు పథకములు ప్రకటించినవి. రుసుము ఖజానాకు చేరును. చీకటి పొరుగింట నిలుచును.

విడిచిన నేల నష్టమని తలచుట తగదు. నేనొక మీటరు, పొరుగువారొక మీటరు విడిచిన ఇరువురికిని రెండు మీటర్ల వెలుతురు లభించును. ఒకరి యింట నిప్పంటినపుడు రెండవ యింటికి ప్రాకు భయము తగ్గును. పునాది త్రవ్వునపుడు పొరుగుగోడ కదలు ప్రమాదమును తగ్గును.

ఇల్లు కట్టదలచిన సోదరీసోదరులారా! పటము గీయించునాడు గదులు లెక్కించుటకు ముందు, గోడ కావలి వంటయింటిలో ఎవరు నిలుచుందురో తలచుకొనుడు. ఆ మీటరు నేల వారికి చేయు దానము కాదు; వారికి మన మీయవలసిన బాకీ.