ఇల్లు మార్చి చూడు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఇల్లు మార్చి చూడమని మాత్రం ఎందుచేతనో అనలేదు. వారి కాలంలో పుట్టిన ఇంట్లోనే పెరిగి, ఆ ఇంట్లోనే ముసలివారయ్యేవారు గనుక ఆ అవసరం రాలేదు కాబోలు. నాకు వచ్చింది. మారింది నా ఇల్లు కూడా కాదు, హైదరాబాదులో చదువుకొంటున్న మా అమ్మాయి ఇల్లు. ఇల్లంటే పెద్ద భవనమేమీ కాదు. ముగ్గురు ఆడపిల్లలు కలిసి కిరాయికి తీసికొన్న ఒక గది, వంటకు ఒక మూల, స్నానానికి ఒక చిన్న అర.

మేము ఉండేది బీదరు పాతబస్తీలో, చౌబారాకు దగ్గర. నేనొక ఆఫీసులో గుమాస్తాను. నా చదువు మెట్రిక్కుతో ఆగిపోయింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, బజారులో ఉర్దూ. మా ఊళ్ళో చాలామంది సంగతి ఇంతే. అమ్మాయి ఉస్మానియాలో ఎం.ఎస్సీ. చదువుతూంది. గడచిన జ్యేష్ఠంలో ఒక రాత్రి ఫోను చేసి, “నాన్నా, మా ఇల్లుగలాయన కొడుకు తిరిగి వస్తున్నాడట. నెలాఖరులోగా ఖాళీ చేయమన్నాడు. హబ్సిగూడాలో వేరే గది చూశాం. నువ్వు రానక్కరలేదు, మేమే మారిపోతాం” అన్నది.

రానక్కరలేదంటే ఊరుకొనే తండ్రి ఎవడు? ఆ రాత్రే కాగితం, కలం తీసి కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళతో కాపురం చేస్తున్నవాణ్ణి. ఏ పనికైనా ముందు గడులు గీయందే నా చెయ్యి ఆడదు. ‘తీసికొనిపోవలసినవి’, ‘ఇచ్చివేయవలసినవి’, ‘కొనవలసినవి’ అని మూడు గడులు గీశాను. మా ఆవిడ పంచాంగం తెచ్చి పక్కన కూర్చుంది. “ఏమండీ, ఆషాఢం రాకముందే మారాలి. మంగళవారం పనికిరాదు” అంది. సరే, గురువారం అని వ్రాసుకొన్నాను. ఇక ఆవిడ చెప్పడం, నేను వ్రాయడం. బియ్యం సంచి, ఆవకాయ జాడీ, చిన్న రోలు, నీళ్ళ బిందె, అటకమీది ఇత్తడి గిన్నెలు, దేవుడి పటం, బిదిరీ కుంకుమభరిణ. మూడవ రాత్రికి జాబితా అరవైనాలుగు వస్తువులకు చేరింది. పిల్ల గది మారుతున్నదా, లేక రాజుగారు రాజధాని మారుస్తున్నారా అని నాకే అనుమానం వచ్చింది.

మా ఊరు అటువంటి ఊరే మరి. గుల్బర్గాలో ఉన్న బహమనీ రాజధానిని అహమ్మద్ షా ఎత్తి తెచ్చి బీదరులో పెట్టింది 1430 ప్రాంతంలో. కోట, దర్బారు, సైన్యం, ఖజానా అన్నీ తరలివచ్చాయి. ఆ తరలింపు జాబితా ఏ గుమాస్తా వ్రాశాడో గాని, వాడికి నా నమస్కారం.

ఆ ఆదివారం సాయంకాలం కూరలకని బయలుదేరినవాణ్ణి, మహమూద్ గవాన్ మదరసా లోపలికి వెళ్ళి కూర్చున్నాను. మాకు నాలుగడుగుల దూరం. రోజూ దాని పక్కనుంచే పోతాను, ఏళ్ళ తరబడి లోపలికి తొంగి చూచింది లేదు. ఊళ్ళోని గొప్పతనం ఊరివాళ్ళకు ఆనదు. దూరాన్నుంచి వచ్చినవాళ్ళు ఫొటోలు తీసికొంటూంటే, మనం కూరల సంచి పట్టుకొని పక్కనుంచి పోతూంటాం.

మహమూద్ గవాన్ ఈ ఊరివాడు కాడు. ఇరానులోని గీలాన్ ప్రాంతంవాడు. నలభై దాటిన వయసులో, అంటే ఇంచుమించు నా వయసులో, వర్తకుడుగా వచ్చాడు. అలా వచ్చినవాడు బహమనీ సుల్తానులకు ప్రధాని అయ్యాడు. 1472లో ఈ మదరసా కట్టించాడు. 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, మూడంతస్తులు. మూడువేల పుస్తకాల గ్రంథాలయం ఉండేదని చెబుతారు. ఉపన్యాసాలకు పెద్ద హాళ్ళు, గురువులకు వేరే బస, విద్యార్థులకు ముప్ఫైఆరు గదులు. దూరదేశాలనుంచి వచ్చిన విద్యార్థులకు బసా భోజనమూ ఉచితమేనట. అడ్వాన్సు లేదు, ఖాళీ చేయమనే ఇల్లుగలాయన లేడు!

ఔరంగజేబు కాలంలో ఈ కట్టడంలో మందుగుండు నిలవచేశారు. 1696 ప్రాంతంలో అది పేలి చాలా భాగం కూలిపోయింది. ఇప్పుడు నిలిచి ఉన్నది ఒక్క మీనారు. ముందుగోడ మీద నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల పలకలు అక్కడక్కడా మిగిలాయి. మిగిలిన గదులలో ఒకదాని గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూచాను. ఒక చాప, కొన్ని పుస్తకాలు, ఒక దీపం పడతాయి. రోలు పట్టదు.

ఆ కట్టించినవాడు ఎలా ఉండేవాడో కూడా ఫెరిష్తా చరిత్రలో ఉంది. అంత పెద్ద ప్రధాని మట్టిపాత్రలలో వండించుకొని తిని, చాపమీద పడుకొనేవాడట. 1481లో శత్రువులు దొంగ ఉత్తరం పుట్టించగా, సుల్తాను తొందరపడి ఆయన తల తీయించాడు. ఇంటికి వచ్చి నా జాబితా మళ్ళీ చదువుకొన్నాను. చాప ఒక్కటి తప్ప అందులో అన్నీ ఉన్నాయి. సిగ్గుపడి సగం కొట్టివేశాను. ఆవకాయ జాడీని మాత్రం మా ఆవిడ కొట్టివేయనీయలేదు.

బుధవారం తెల్లవారుజామున బస్సెక్కాను. బీదరునుంచి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు. ఊరు దాటి కొంతదూరం పోగానే కన్నడం బోర్డులు పోయి తెలుగు బోర్డులు వస్తాయి, జహీరాబాదు వస్తుంది. పొలాలు అవే, ఎర్రమట్టి అదే. మా బీదరు 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆనాడు మైసూరు రాష్ట్రంలో చేరింది. బెంగుళూరు దాదాపు 700 కిలోమీటర్లు. కాగితం మీద రాజధాని మారినా, చదువులకూ వైద్యానికీ పెళ్ళిబట్టలకూ మా కాళ్ళు హైదరాబాదు దారినే పట్టుకొన్నాయి. మా పెదనాన్నగారు 1958లో రేకుపెట్టె, చుట్టిన పరుపు తీసికొని వికారాబాదు మీదుగా రైల్లో వెళ్ళి చదువుకొన్నారు. ఆయన సామానంతా ఒక్క కూలీ నెత్తిన పట్టిందని చెప్పేవారు.

పల్లెలనుంచి పట్నానికి వెళ్ళిన పిల్లవాడికి చదువుకంటె ముందు కావలసింది తల దాచుకొనే చోటు. ఇది తెలిసినవారు మనలో లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వెలిసింది. అదే 1918లో, తరువాత నగర కొత్వాలు అయిన రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డిగారి వంటి పండితులు దాని బాధ్యతలు చూశారు. పల్లెటూరి పిల్లలు అక్కడ తిండీ నీడా దొరికి చదువుకొన్నారు. గవాన్ చేసిన పనినే మనవాళ్ళు తమ శక్తికొద్దీ మళ్ళీ చేశారని బస్సులో కూర్చొని అనుకొన్నాను.

విద్యానగరంలో పిల్లల గదికి చేరేటప్పటికి పది దాటింది. నేను జాబితా తీయబోయేలోగా అమ్మాయి తన నోటుబుక్కు తీసింది. ఒకతె రాయచూరు పిల్ల, ఒకతె మహబూబ్‌నగర్ పిల్ల, ఒకతె మాది. ముగ్గురూ కలిసి అంతా ముందే ఏర్పాటు చేశారు. నేను నేర్చుకొన్నవి చదువరులకు కూడా పనికివస్తాయని చెబుతున్నాను.

పుస్తకాలు పెద్ద పెట్టెలో పెట్టరాదు, ఎత్తలేరు. కిరాణా దుకాణంలో చిన్న అట్టపెట్టెలు అడిగి తెచ్చుకొన్నారు. గిన్నెలకు గడ్డీ కాగితాలూ దేనికి? దుప్పట్లు, పాత చీరలు చుట్టారు, గిన్నెలూ బట్టలూ ఒక్కచోటే సర్దుకొన్నాయి. బకెట్లు ఖాళీగా పోనీయలేదు, చిల్లర సామానంతా వాటిలో వేశారు. ప్రతి పెట్టె మీదా లోపల ఏముందో వ్రాశారు. సర్టిఫికెట్లు, డబ్బు, ల్యాప్‌టాప్ భుజానికి తగిలించిన సంచిలోనే, ఆటోలో కాదు. రెండు ఇళ్ళలోనూ కరెంటు మీటరు అంకెలు ఫొటో తీశారు. కొత్త గదిలో కుళాయి తిప్పి, ఫ్యాను వేసి, నీళ్ళు ఏ వేళకు వస్తాయో పై వాటావాళ్ళను అడిగి, అప్పుడే అడ్వాన్సు ఇచ్చారు. ఒప్పందం పదకొండు నెలలకే. ఏడాదికి మించితే కౌలుపత్రం రిజిస్టరు చేయించాలని 1908 నాటి చట్టం, అందుకే లోకమంతా పదకొండు దగ్గర ఆగుతుంది. ట్రాలీ ఆటోవానితో మూడవ అంతస్తనీ, లిఫ్టు లేదనీ ముందే చెప్పి బేరమాడారు. గురువారం ఉదయం ఆరింటికే రమ్మన్నారు, ఎనిమిది దాటితే ఆ దారిలో బండి కదలదు. నా జాబితా జేబులోనే ఉండిపోయింది.

గురువారం సామాను ఆటోలోకి ఎక్కిన తరువాత, ఇల్లుగలాయన లెక్క చెప్పడానికి వచ్చాడు. ముగ్గురూ కలిపి ఇచ్చిన అడ్వాన్సు 24,000. అందులో రంగుల ఖర్చని 6,000 పట్టుకొన్నాడు. గోడమీద ఒక్క మేకు కొట్టలేదు ఆ పిల్లలు. నాకు కోపం వచ్చింది.

“ఏడాది ఉన్నారండీ. వాడుకొన్న ఇంటికి రంగులు వేయించుకోవడం ఇల్లుగలవారి పని గదా!” అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. నెమ్మదిగా, “అందరూ చేసేదే సారూ. మీరు ఇల్లు కిరాయికి ఇస్తే పట్టుకోరా?” అన్నాడు.

నా నోరు పడిపోయింది. ఇచ్చిన డబ్బు లెక్కపెట్టుకొని ఆటో ఎక్కాను. దారిలో అమ్మాయి, “నాన్నా, ఎందుకు ఊరుకొన్నావు? నీ మాటే న్యాయం కదా” అన్నది. నేను జవాబు చెప్పలేదు.

సంగతి ఇది. బీదరులో మా ఇంటిమీద ఒక గది ఉంది. మా ఊరికీ బయటి పిల్లలు చదువుకు వస్తారు. ఇంజనీరింగు, వైద్యం, పశువైద్యం చదివేవాళ్ళు వీధి వీధినా గదులు వెతుక్కొంటారు. ‘మనె బాడిగెగె ఇదె’ అన్న అట్ట మా గుమ్మానికీ వ్రేలాడింది. మూడేళ్ళ కింద, పశువైద్యం చదివే దావణగెరె వైపు అబ్బాయి రెండేళ్ళుండి ఖాళీ చేశాడు. గోడలకు సున్నమని చెప్పి వాడి అడ్వాన్సులో 2,500 పట్టుకొన్నాను. నిజంగా నాకైన ఖర్చు 900. వాడు ఒక్క క్షణం నా ముఖం చూచి, “ఇర్లి బిడ్రి, అంకల్” అన్నాడు. ‘పోనీయండి’ అని అర్థం. వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ డబ్బు దేనికి వాడామో కూడా గుర్తు లేదు.

కొత్త గదిలో పిల్లలు పాలు పొంగించారు. మంచాలింకా బిగించలేదు. నేలమీద చాప పరిచి నన్ను కూర్చోమన్నారు. మిగిలిన ఇద్దరూ గ్యాసు సంగతి చూడడానికి కిందికి వెళ్ళినప్పుడు, ఈ సంగతంతా అమ్మాయికి చెప్పాను. కన్నకూతురి ముందు చెప్పుకోవడం సులువు కాదు. ఆ పిల్ల నన్ను తప్పుపట్టలేదు. కొంచెంసేపు ఊరుకొని, “ఆయన నంబరు ఉందా నాన్నా?” అని మాత్రం అడిగింది.

నంబరు ఉంది. బీదరు చేరిన మరునాడే 2,500 పంపి ఫోను చేశాను. ఇప్పుడు ఒక తాలూకాలో పశువైద్యుడుగా ఉన్నాడు. మొదట నన్ను గుర్తుపట్టలేదు. చెప్పగానే, “గుర్తుంది అంకల్. ఆ నెల మెస్సు బాకీకి మా అక్క దగ్గర చేబదులు తెచ్చాను” అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. నాకు అంతకంటె దెబ్బ ఉండబోదు.

ఇప్పుడు మా మీదిగదిలో వేరే ఇద్దరు పిల్లలున్నారు. ఒప్పందం కాగితం మీద నా చేతితోనే వ్రాశాను: సున్నం ఖర్చు ఇంటివారిది, విరిగినది ఉంటే దానికి మాత్రమే, రసీదు చూపించి. మా ఆవిడ చదివి, “ఇంత తెలివి ముందే ఉంటే ఎంత బాగుండును!” అంది. నిజమే.

మదరసా ముందునుంచి రోజూ ఆఫీసుకు పోతూనే ఉన్నాను. పరాయిదేశంనుంచి వచ్చినవాడు మా ఊళ్ళో పరాయిపిల్లలకు గదులు కట్టించాడు. కట్టించే స్తోమతు మనలో అందరికీ ఉండదు. ఉన్న ఒక్క గదినీ న్యాయంగా ఇవ్వడం మాత్రం మన చేతిలో పనే. మన పిల్లలు ఏదో ఊళ్ళో ఎవరో ఒకరి మీదిగదిలో ఉన్నారు. మన మీదిగదిలో ఉన్నవారు కూడా ఎవరో ఒకరి పిల్లలే.