ఉప్పు నగరాలు, కొబ్బరి తోటలు

అబ్దుర్రహ్మాన్ మునీఫ్ నవల 'ఉప్పు నగరాలు' చదవడానికి మంగఫ్ కంటే తగిన ఊరు మరొకటి ఉండకపోవచ్చు. నవలలో హర్రాన్ అనే చిన్న బెస్తపల్లె పాఠకుడి కళ్లముందే చమురు ఎగుమతి రేవుగా మారుతుంది. ఆ మార్పు పూర్తయి కొన్ని తరాలు గడిచాక తీరం ఎలా ఉంటుందో మంగఫ్ మేడల మీద నిలబడి దక్షిణానికి చూస్తే తెలుస్తుంది. అటువైపు మీనా అల్ అహ్మదీ. 1946 జూన్ 30న కువైట్ తొలి చమురు ఓడ బయలుదేరింది అక్కడినుంచే. ఇప్పుడు రాత్రివేళ అక్కడి చిమ్నీ మంటలకు ఆకాశం ఎర్రబారి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు తొలి వారం ఫొటోలు తీసుకుంటారు, తర్వాత పరదా వేసుకుని పడుకుంటారు.

ఈ నవలను ఇటీవల మంగఫ్‌లో చదివినవాడొకరు కోనసీమ మనిషి. ఊరు మామిడికుదురు దాపున. ఇరవై రెండేళ్లుగా కువైట్‌లో ఉంటూ ఒక గ్యాస్ ప్లాంటులో వాల్వులు, ప్రెషర్ గేజీలు చూసే పని చేస్తున్నాడు. సాహిత్యం అంటే ప్రాణమేమీ కాదు. సెలవు మీద వెళుతూ ఒక మలయాళీ సహోద్యోగి వదిలి వెళ్లిన పుస్తకం అది. పీటర్ థెరూ ఆంగ్లానువాదం, ఆరువందల పుటలు. శుక్రవారాలు చదివాడు.

మునీఫ్ చమురు అర్థశాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు, ఆ పరిశ్రమలోనే ఉద్యోగం చేసినవాడు. అందుకే కాబోలు, ఆయన అరబ్బీ మూలం 1984లో వెలువడినప్పుడు దానిలో చమురు బావి ఎలా తవ్వుతారన్న వర్ణన దాదాపు లేదు. తవ్వేవాళ్లు వచ్చాక మనుషుల నిద్ర ఎలా చెడిందన్నదే ఉంది. వాదీ అల్ ఉయూన్ అనే ఒయాసిస్సులో యంత్రాలు ఖర్జూర వృక్షాలను పెళ్లగిస్తుంటే మితెబ్ అల్ హదాల్ అనే పెద్దమనిషి చూడలేక ఒంటె ఎక్కి ఎడారిలోకి వెళ్లిపోతాడు. మళ్లీ రాడు. ఆయన కనిపించాడని జనం అనుకుంటూనే ఉంటారు. మితెబ్ భాగాన్ని విమర్శకులు చాలా మెచ్చుకున్నారు గానీ, నిజానికి నవల బలం అక్కడ లేదు. వెళ్లిపోలేనివాళ్లు హర్రాన్‌లో కూలీలుగా చేరి, రేకుల కొట్టాల్లో ఉడికిపోతూ, తమ చేతులతోనే పైపులైను వేసి, చివర సమ్మెకు దిగే భాగంలో ఉంది. డబ్బు పుచ్చుకోకుండా వైద్యం చేసే ముఫద్దీ హత్య ఆ సమ్మెకు ఒక కారణం. ఊరి వైద్యుడి చావు మీద జనం కదలడం వైద్యవృత్తిలో ఉన్న పాఠకులను ఒక క్షణం ఆపుతుంది.

కోనసీమ మనిషి మితెబ్ మాయమయ్యే చోటికి వచ్చేసరికి అన్నగారి దగ్గరనుంచి వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో వచ్చింది. తీరంలోని గ్యాస్ కేంద్రాన్ని పెంచుతున్నారు. అక్కడినుంచి మరో గొట్టం వేస్తారు. అది తల్లి పేర ఉన్న అరవై సెంట్ల కొబ్బరి తోట మధ్యగా పోతుంది. అభ్యంతరం ఉంటే ఇరవై ఒక్క రోజుల్లో రాసి ఇవ్వాలి.

"ఊళ్లో అందరూ సంతకాలు పెడుతున్నార్రా తమ్ముడూ, వద్దని. నువ్వేమంటావు?" అన్నాడు అన్న ఫోనులో.

అతను వెంటనే ఏమీ అనలేకపోయాడు. ఆ తోట బోదెలకు గట్లు కట్టించింది అతని జీతమే, ఆ జీతం గ్యాస్‌దే.

ఈ నోటీసుల వెనక ఉన్న చట్టం 1962 నాటిది. దాని ప్రకారం భూమిని కొనరు. భూమి కింద గొట్టం వేసుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. భూమి రైతుదే, పట్టా రైతుదే, కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. తీసేసిన చెట్లకు, పాడైన పంటకు నష్టం లెక్క వేస్తారు. అది కాక హక్కు కింద ఇచ్చేది భూమి మార్కెట్టు విలువలో పదో వంతు. వరిచేను అయితే గొట్టం పూడ్చాక మళ్లీ ఊడ్చుకోవచ్చు. కొబ్బరి తోటలో చెట్టు నాటకూడదంటే మిగిలేది ఏమిటి? చట్టం రాసినవారి మనసులో ఉన్న పొలం కోనసీమ పొలం కాదని తెలుస్తూనే ఉంది.

ఆ సీమలో ఈ భయానికి చరిత్ర ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి పేలి మంటలు లేచాయి. ఆర్పడానికి అరవై అయిదు రోజులు పట్టింది. (మంగఫ్‌లో ఇతర జిల్లాలవారికి ఈ పేరు చెబితే వంశీ 'పసలపూడి కథలు' అనుకుంటారు. ఆ ఊరు వేరు.) 1991లో ఆరువందలకు పైగా బావులు తగలబడగా చూసిన కువైట్‌కు ఒక బావి మంట లెక్కలోది కాదు. కానీ కువైట్ బావులు ఎడారిలో ఉన్నాయి, పాశర్లపూడి బావి ఇళ్ల మధ్య ఉంది. తర్వాత 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి కారిన వాయువు అంటుకుని ఇరవైమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు మొవ్వుతో సహా మాడిపోయాయి. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో తేమతో కూడిన వాయువు పంపారని విచారణలో తేలింది. తేమ ఉంటే గొట్టం లోపలినుంచి తినేస్తుంది. ప్లాంటులో అతను రోజూ కాపలా కాసేది సరిగ్గా ఆ తేమకే.

అయితే ప్రమాదభయం ఒక్కటే ఆ ఊళ్లవాళ్ల మాట అనుకుంటే పొరపాటు. గాడిమొగలో 2009 నుంచి ఒడ్డుకు చేరుతున్న వాయువు గొట్టం ఎక్కి గుజరాత్‌లోని భరూచ్ దాకా పోతుంది. దేశం దాటకపోయినా ఆ తీరానికి అది ఎగుమతే. పొయ్యి మీదికి మాత్రం సిలిండర్ బుక్ చేసుకోవాలి. భూమి కుంగుతోందని రైతులు ఏళ్లుగా అంటున్నారు, కాదని సంస్థలు అంటున్నాయి. సముద్రంలో పైపుల పని వల్ల వేట ఆగినందుకు 2022 నవంబరులో కాకినాడ, కోనసీమ జిల్లాల్లో 23,458 మత్స్యకార కుటుంబాలకు 107 కోట్ల 91 లక్షలు పంచారు. వినడానికి పెద్ద మొత్తం. కుటుంబానికి నలభై ఆరు వేలు, నెలకు పదకొండు వేల అయిదువందల చొప్పున నాలుగు నెలలకు.

ఇదే గొడవ అమెరికాలో లూసియానా తీరాన కామెరాన్ అనే చోట రొయ్యలు పట్టేవాళ్లది. అక్కడ వాయువును సున్నాకు దిగువన 162 డిగ్రీలకు చల్లార్చి, ద్రవం చేసి ఓడలకెక్కిస్తారు. కాల్కషూ పాస్ కేంద్రం 2022లో ఎగుమతి మొదలుపెట్టింది. పక్కనే దాన్ని మించిన రెండోది కడతామన్నారు. ఓడల కోసం కాలువ తవ్వితే రొయ్య పోతుందని పడవలవాళ్లు అడ్డుపడ్డారు. 2024 జనవరిలో బైడెన్ ప్రభుత్వం కొత్త ఎగుమతి అనుమతులను నిలిపింది, ఏడాది తిరగకుండానే ట్రంప్ వచ్చి ఆ నిలుపుదల ఎత్తేశాడు. ఓడ దిగే చోట ఎవరుంటారు? 2009 నుంచి ఎండాకాలం కరెంటు కోసం కువైట్ కూడా ద్రవవాయువు కొంటోంది. అందుకోసం 2021లో అల్ జోర్‌లో పెద్ద కేంద్రమే తెరిచింది. మంగఫ్ గదుల్లో ఏసీ తిరిగేది కొంతవరకు ఏదో ఒక తీరపు వాయువుతోనే.

అతనికి ఇవన్నీ తెలుసు. అందుకే అన్నకు జవాబు చెప్పడం కష్టమైంది. నవలలో మితెబ్‌కు ఈ చిక్కు లేదు, మితెబ్‌కు కరెంటు బిల్లు లేదు. అమితవ్ ఘోష్ 1992లో మునీఫ్ మీద రాస్తూ, చమురు ప్రపంచానికి తగ్గ సాహిత్యం ఎందుకు పుట్టలేదని అడిగాడు. ఒక కారణం ఇక్కడ ఉన్నట్టుంది. గల్ఫ్‌లో పనిచేసేవాడు ఇల్లు పోయినవాడూ, ఇల్లు తవ్వేవాడూ తానే అయినప్పుడు కథ ఏ పక్షాన నిలిచి చెప్పాలి?

2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులుండే మేడ ఒకటి తెల్లవారుజామున తగలబడి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రులు. అతను ఉండేది అక్కడికి నాలుగు వీధుల అవతల. ఆ రోజు అమ్మ ఫోను చేసి గొంతు వినేదాకా పెట్టేయలేదు. నగరం గ్రామం తగలబడిన రోజు ఇక్కడినుంచి అతను అమ్మకు అలాగే చేశాడు.

పద్దెనిమిదో రోజు రాత్రి అన్నకు తానే ఫోను చేశాడు. "వద్దని రాస్తే చాలదన్నయ్యా, ఒప్పుకోరు. నే చెప్పేది రాసుకో" అన్నాడు. గొట్టంలో వచ్చే వాయువును ముందు ఎండబెడతారా, ఎక్కడ? గొట్టం మందం ఎంత? ఇళ్లకు ఎంత దూరం? లోపలి తుప్పును ఎన్నాళ్లకొకసారి పరీక్షిస్తారు, ఆ కాగితం పంచాయతీకి ఇస్తారా? కొబ్బరి తోటలు తప్పించి కాలువ గట్టు వెంబడి తీసుకెళ్లడానికి అడ్డేమిటి? పదకొండు ప్రశ్నలయ్యాయి. అన్న తెల్లకాగితం మీద రాసుకుని, మర్నాడు టైపు చేయించి, ఊరివాళ్ల సంతకాలతో ఇచ్చి వచ్చాడు. రసీదు ఫొటో పంపాడు.

"నీ పేరెక్కడా పెట్టలేదులే" అని కూడా అన్నాడు. అతను అడగలేదు ఆ మాట.

నవల ఇంకా ఎనభై పుటలు మిగిలి ఉంది. వాకబుకు పిలుస్తామన్నారు, తేదీ రాలేదు. తోటలో ఎర్రజెండాలు పాతి వెళ్లారని అమ్మ చెప్పింది. జెండాల మధ్య తొమ్మిది చెట్లున్నాయట. వాటిలో రెండు నాన్నగారు నాటినవి, ఈ దింపుకు కూడా బాగానే కాశాయట.