మా ఆటస్థలపు జ్ఞాపకములు

మాసూళ్లయిన పిదప కోనసీమ వరిచేలే మాకు ఆటస్థలములు. కొబ్బరిమట్టను బ్యాటుగా చెక్కుకొని వరిదుబ్బుల నడుమ క్రికెట్టు ఆడెడివారము. వానలకు బడి ఆవరణము బురదయైనప్పుడు మాత్రమే ఫుట్‌బాలు బయటికి వచ్చెడిది.

2001వ సంవత్సరము మార్చిలో కలకత్తాయందు మన హైదరాబాదు లక్ష్మణ్ 281 పరుగులు చేసిన నాడు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వసతిగృహమున రేడియో చుట్టును మూగి కేకలు వేసితిమి. ఫుట్‌బాలే ప్రాణమైన మా సహపాఠి యొకడు, "ఫుట్‌బాలులోను మనవారు గెలిచినారు సుమా!" అనెను. మేమందరము నవ్వితిమి. అతడు మరల ఆ మాట యెత్తలేదు.

అతడు చెప్పినది నిజమని తరువాత చదివి తెలిసికొంటిమి. హైదరాబాదు నివాసియు, మావలెనే బడిపంతులును అయిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును పొందినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1 గోల్సుతో ఓడించి స్వర్ణపతకమును గెలిచినది. కాన్సరుతో బాధపడుచునే ఆయన ఆ జట్టును నడిపెను. మరుసటి యేటనే మరణించెను.

పిల్లలారా! మీలో నెవరైనను మాకు తెలియని ఆటగాని పేరు చెప్పినయెడల, ఇక నవ్వక విందుము. ఆ మిత్రునకు మేము చెప్పవలసిన క్షమాపణ యిదియే.