మైత్రి, నిర్మమత్వం

నిర్మల్ కనుమ దాటితే బోథ్ అరణ్యసీమ. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య గారు నిర్మల్ మీదుగానే కాశికి సాగారు. మదరాసు సుప్రీంకోర్టు దుబాసీ ఉద్యోగానికి సెలవు పెట్టి, మే 18న బయలుదేరిన ఆయన మరల ఇల్లు చేరినది 1831 సెప్టెంబరు 3న.

ఉద్యోగభారాన్ని దించుకున్నారు గాని, మైత్రిని దించుకోలేదు. మజిలీలలో చూచినదంతా వ్రాసి మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి పంపేవారు. యాత్రానుభవాన్ని తనకే దాచుకోలేదు. 1836లో వీరాస్వామయ్య గారు దివంగతులైనారు. 1838లో ఆ లేఖలను పిళ్ళె గారే 'కాశీయాత్ర చరిత్ర'గా ముద్రింపించారు.

గీత ద్వాదశాధ్యాయం మైత్రిని, నిర్మమత్వాన్ని ఒకే భక్తునిలో చూపింది. కనుక ముముక్షువు త్యజించవలసినది మమకారాన్నే, స్నేహాన్ని కాదు. ఇల్లు విడిచి వెళ్ళేవారు ఈ వివేకాన్ని వెంట ఉంచుకోవాలి.